ఊళ్లో ఉచిత శిశు సంరక్షణ కేంద్రం కావాలంటే ఏం చేయాలి? అంగన్‌వాడీ ఉన్నా ముదిగుబ్బ తల్లులకు ఇబ్బంది ఎక్కడ? రూల్స్, ఖర్చు.. పూర్తి వివరాలు

ముదిగుబ్బ: ఎండాకాలంలో ఉపాధి పనికి పొద్దున్నే ఆరు గంటలకు బయల్దేరాలి. అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదికి. ఈలోపు ఏడాదిన్నర బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? శ్రీ సత్యసాయి జిల్లా ముదిగుబ్బ లాంటి మండలాల్లో కూలికి పోయే తల్లులకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇంట్లో అవ్వ ఉంటే సరే. లేకపోతే బిడ్డను చంకనేసుకుని చేనికి పోవాలి. లేదంటే బడికి వెళ్లాల్సిన అక్కను ఇంటి దగ్గర ఆపాలి. అదీ కుదరకపోతే ఆ రోజు కూలి పోయినట్టే.

ఊరూరా అంగన్‌వాడీ ఉంది కదా, మళ్లీ ఇంకో కేంద్రం ఎందుకు అని చాలామందికి డౌట్ వస్తుంది. ఆ డౌట్ తీరాలంటే ముందు అంగన్‌వాడీ ఎవరి కోసం, ఏ టైమ్ కోసం పెట్టారో చూడాలి.

అంగన్‌వాడీ ఏం చేస్తుంది.. ఏం చేయదు?

సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అంటే ఐసీడీఎస్, 1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఇప్పుడు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మెయిన్, మినీ కలిపి 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. పోషకాహారం, ప్రీ స్కూల్, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి రిఫర్ చేయడం, తల్లులకు ఆరోగ్యంపై అవగాహన.. ఈ ఆరు సేవలు అక్కడ అందాలి. లిస్టు మళ్లీ ఒకసారి చూడండి. తల్లి పనికి వెళ్లొచ్చేదాకా బిడ్డను చూసుకోవడం అందులో లేదు.

కేంద్రానికి వచ్చి కూర్చునేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు. మూడేళ్లలోపు వాళ్లకు గుడ్లు, పాలు, బాలామృతం లాంటివి ఇంటికే ఇచ్చి పంపిస్తారు. అంటే తల్లిపాలతో పాటు వేరే తిండి మొదలుపెట్టే ఆరో నెల నుంచి మూడో పుట్టినరోజు దాకా, రెండున్నరేళ్ల పాటు, ప్రభుత్వం తిండి పంపిస్తుంది కానీ బిడ్డను పగలంతా చూసుకోదు. ఆ తిండిని రోజుకు నాలుగైదు సార్లు, కొంచెం కొంచెంగా, ఓపిగ్గా తినిపించే మనిషి కావాలి. ఆ మనిషి పొద్దున్నుంచీ చేనులో ఉంటుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం ఏపీలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఎదుగుదల ఆగిపోయేది ఎక్కువగా మొదటి వెయ్యి రోజుల్లోనే అని డాక్టర్లు చెబుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లలకు పగటిపూట కేంద్రం లేదు.

ముదిగుబ్బలో పరిస్థితి ఎలా ఉంటుంది?

అనంతపురం నుంచి కదిరి వెళ్లే నేషనల్ హైవే 42 మీద, ధర్మవరం-పాకాల రైల్వే లైన్‌లో ఉంటుంది ముదిగుబ్బ. ధర్మవరం అసెంబ్లీ నియోజకవర్గంలోని మండలం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా అనంతపురం జిల్లాలో ఉండేది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే కరువు సీమ ఇది. వేరుశనగే ప్రధాన పంట. వాన తప్పితే బెంగళూరుకు బేల్దారి పనులకు పోవడం ఇక్కడి ఊళ్లకు కొత్త కాదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పోతే చిన్నబిడ్డ అవ్వ దగ్గర మిగలాలి, లేదంటే వాళ్లతో పాటే బిల్డింగ్ కడుతున్న చోటికి వెళ్లాలి.

చుట్టుపక్కల చూస్తే పనులు వేరు, టైమింగ్స్ వేరు. ధర్మవరంలో పట్టు మగ్గం ఇంట్లోనే ఉంటుంది. తల్లి ఇంట్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ చేతులు ఖాళీగా ఉండవు. హిందూపురం, పెనుకొండ వైపు ఫ్యాక్టరీలకు వెళ్లేవాళ్లది షిఫ్టు టైమ్. బస్సు తప్పితే ఆ రోజు జీతం కట్. ముదిగుబ్బ పల్లెల్లో, తాండాల్లో వ్యవసాయ కూలీలకు తెల్లారితే పని, మధ్యాహ్నానికి ఇల్లు. కాబట్టి అమరావతిలోనో ఢిల్లీలోనో ఒకే టైమ్ టేబుల్ రాసి అన్ని ఊళ్లకూ పంపిస్తే, గది ఉంటుంది, బోర్డు ఉంటుంది, పిల్లలు మాత్రం రారు.

నీటి గుంటల భయం.. దీని గురించి ఎవరూ మాట్లాడరు

కరువు జిల్లా కదా అని వాన నీళ్లు నిలబెట్టడానికి పంట సంజీవని లాంటి పథకాల కింద ఉమ్మడి అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున ఫారం పాండ్లు తవ్వారు. పంటకు మంచిదే. కానీ చేను గట్టున చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో పడుకున్న బిడ్డకు నడక వచ్చాక, పక్కనే నీళ్లున్న గుంట ఉంటే పరిస్థితి ఏంటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నీళ్లలో పడి చిన్నపిల్లలు చనిపోకుండా ఉండాలంటే బడి వయసు రాని పిల్లలకు పగటిపూట సంరక్షణ కేంద్రాలు పెట్టాలని సిఫార్సు చేసింది. చెరువులు, కాలువలు ఎక్కువగా ఉండే బంగ్లాదేశ్‌లో ఈ పద్ధతి ముందే మొదలైంది. తల్లులు ఇంటిపనిలో, పొలం పనిలో బిజీగా ఉండే గంటల్లో ఊళ్లోనే ఒక ఇంట్లో పిల్లలందర్నీ ఒకచోట చూసుకుంటారు. 2022లో అక్కడి ప్రభుత్వం 16 జిల్లాల్లో 8 వేల కేంద్రాలకు ప్రాజెక్టు మంజూరు చేసింది. మన దగ్గర శిశు సంరక్షణ కేంద్రం అనగానే సిటీలో ఉద్యోగం చేసే తల్లులు, ఏసీ గది, రంగుల బొమ్మలు గుర్తొస్తాయి. పల్లెలో అది ప్రాణం కాపాడే ఏర్పాటు.

చట్టంలో ఇప్పటికే ఏముంది?

చాలామందికి తెలియని విషయం ఏంటంటే, అడగడానికి ఆధారాలు ఎప్పటి నుంచో ఉన్నాయి.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే ఒక నిబంధన పెట్టారు. పని జరిగే చోటికి ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది చిన్నపిల్లలు తల్లులతో వస్తే, ఆ కూలీల్లో ఒక మహిళను పిల్లల్ని చూసుకోవడానికి పెట్టాలి. ఆమెకు మిగతావాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలి. కొత్త పోస్టు అక్కర్లేదు, బిల్డింగ్ అక్కర్లేదు. ఇంత సింపుల్ రూల్ కాగితం మీద కనిపించినంతగా పని దగ్గర కనిపించదు.

ఫ్యాక్టరీల సంగతికొస్తే, 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 30 మందికి మించి మహిళలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు క్రెచ్ గది ఉండాలనే రూల్ ఉండేది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రకారం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెచ్ సౌకర్యం కల్పించాల్సి ఉండేది. తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ 50 మంది లెక్కే ఉంది. హిందూపురం, పెనుకొండ ఫ్యాక్టరీలకు ఇది వర్తిస్తుంది. చేనుకు మాత్రం హాజరు పట్టీ ఉండదు, యజమాని రోజుకొకరు మారతారు. కాబట్టి వ్యవసాయ కూలీకి ఈ రెండు చట్టాలూ అందవు.

ఇక సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఇచ్చిన తీర్పు. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లె లేదా మురికివాడ ప్రజలు అడిగితే, అడిగిన మూడు నెలల్లోపు కేంద్రం పెట్టాలి. దీన్నే ‘అంగన్‌వాడీ ఆన్ డిమాండ్’ అంటారు. ఊరికి దూరంగా ఉన్న తాండాల వాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. మామూలుగా గ్రామాల్లో 400 నుంచి 800 జనాభాకు ఒక మెయిన్ కేంద్రం, 150 నుంచి 400 జనాభాకు ఒక మినీ కేంద్రం అనేది లెక్క. ఆ లెక్కలో ఇమడని చోట ఈ తీర్పు పనికొస్తుంది.

‘పాల్నా’ అంటే ఏంటి? ఎవరికి?

శిశు సంరక్షణ కేంద్రాలకు మన దేశంలో తెలుగువాళ్లతోనూ సంబంధం ఉంది. 1953లో ఏర్పాటైన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ బోర్డు పల్లెల్లో బాల్వాడీలు నడిపించింది. 2006లో మొదలైన రాజీవ్ గాంధీ జాతీయ క్రెచ్ పథకాన్ని కూడా స్వచ్ఛంద సంస్థల ద్వారా చాలాకాలం ఆ బోర్డే చూసింది.

2017 జనవరి 1 నుంచి పథకం పేరు ‘జాతీయ క్రెచ్ పథకం’గా మారి రాష్ట్రాల చేతికి వచ్చింది. ఖర్చులో రాష్ట్రాలు వాటా పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏం జరిగిందో చూస్తే, దేశవ్యాప్తంగా 20 వేలకు పైగా ఉన్న క్రెచ్‌లు మూడేళ్లు తిరిగేసరికి 7 వేల లోపుకు పడిపోయాయి. మూతపడిన వాటి గురించి పెద్దగా వార్తలు కూడా రాలేదు.

2022లో మిషన్ శక్తి కింద దీన్ని ‘పాల్నా’ పేరుతో మళ్లీ తెచ్చారు. పాల్నా అంటే హిందీలో ఊయల. అంగన్‌వాడీలోనే క్రెచ్ కలిపి నడిపే పద్ధతి ఇందులో ఉంది. దీన్ని అంగన్‌వాడీ కమ్ క్రెచ్ అంటారు. దేశంలో 17 వేల కేంద్రాలు టార్గెట్. ముఖ్యమైన పాయింట్లు ఇవి: ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు, గరిష్ఠంగా 25 మందికి ఒక కేంద్రం. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. తల్లి ఉద్యోగం చేస్తున్నా, చేయకపోయినా బిడ్డను చేర్చుకోవచ్చు. ఖర్చు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. ఎక్కడ పెట్టాలో రాష్ట్రమే ప్రతిపాదన పంపాలి. అంటే మండలం నుంచి పేరు పైకి వెళ్లకపోతే పాల్నా ముదిగుబ్బ దాకా రాదు.

పక్క రాష్ట్రం ఏం చేసింది?

హిందూపురం దాటితే కర్ణాటక. అక్కడి ప్రభుత్వం 2023 బడ్జెట్‌లో ‘కూసిన మనె’ అనే పథకం ప్రకటించింది. కన్నడంలో కూసు అంటే పసిబిడ్డ, మనె అంటే ఇల్లు. ఉపాధి కూలీల పిల్లల కోసం 4 వేల గ్రామ పంచాయతీల్లో ఇలాంటి కేంద్రాలు పెట్టాలని నిర్ణయించారు. నడిపేది పంచాయతీ. పిల్లల్ని చూసుకునే మహిళలకు ఉపాధి హామీ నుంచే కూలి. పనికి బయల్దేరే టైమ్ తెలిసిన పంచాయతీ చేతికే కేంద్రం ఇవ్వడం ఇందులో ఆలోచించదగ్గ విషయం. ఛత్తీస్‌గఢ్‌లో 2012లో సర్గుజా జిల్లాలో మొదలైన ‘ఫుల్వారీ’ కేంద్రాల్లో అయితే తల్లులే వంతులవారీగా పిల్లల్ని చూసుకుని వేడివేడిగా వండి పెట్టేవారు. వంతు పద్ధతిలో ఖర్చు తగ్గుతుంది. కానీ వంతు వచ్చిన రోజు తల్లి కూలి పోతుంది. ఆ కూలి ఎవరిస్తారో తేల్చకుండా వంతులు వేస్తే నాలుగు రోజులకే ఆగిపోతుంది.

ప్లాన్ ఎలా వేయాలి?

ముందు లెక్క. అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఇంటింటి సర్వే రిజిస్టర్ ఉంటుంది. ఆరేళ్లలోపు పిల్లలు ఎంతమంది అనేది అందులో దొరుకుతుంది. దాన్ని రెండుగా విడదీయాలి: మూడేళ్లలోపు ఎంతమంది, పైన ఎంతమంది. ఎందుకంటే చిన్నవాళ్లకు మనుషులు ఎక్కువ కావాలి. సాధారణంగా మూడేళ్లలోపు పది మందికి ఒకరు, ఆపై వయసు వాళ్లకు 20 మందికి ఒకరు ఉండాలంటారు. రిజిస్టర్‌లో దొరకని విషయం ఇంకొకటుంది. తల్లి ఎన్నింటికి బయల్దేరుతుంది, ఎన్నింటికి వస్తుంది? ఏ నెలల్లో పని ఎక్కువ? కలుపు తీసే రోజులు, కాయ పీకే రోజులు, ఉపాధి పనులు జరిగే ఎండాకాలం.. ఇవి ఇల్లిల్లూ తిరిగి అడగాల్సిందే. మహిళా సంఘాల మీటింగ్‌లో అడిగితే ఒక సాయంత్రంలో అయిపోయే పని.

తర్వాత స్థలం. కొత్త బిల్డింగ్ కోసం ఆగితే ఏళ్లు పడుతుంది. పోషణ్ 2.0 కింద కొత్త అంగన్‌వాడీ భవనానికి 12 లక్షలు లెక్కకట్టారు. అందులో 8 లక్షలు ఉపాధి హామీ నుంచి, 2 లక్షలు ఆర్థిక సంఘం లాంటి నిధుల నుంచి, మిగతా 2 లక్షలు మహిళా శిశు సంక్షేమ శాఖ నుంచి. మూడు చోట్ల నుంచి డబ్బు రావాలంటే ఎక్కడో ఒకచోట ఆగడం మామూలే. ఈలోపు ఉన్న అంగన్‌వాడీ గదినో, ఖాళీగా ఉన్న స్కూల్ గదినో వాడుకోవచ్చు. గది గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండాలి. తాగునీళ్లు, చిన్నపిల్లలకు తగ్గ టాయిలెట్, ఫ్యాన్, గేటు తప్పనిసరి. పాలిచ్చే తల్లి మధ్యలో వచ్చి పోవాలి కాబట్టి నడిచి వెళ్లే దూరం దాటకూడదు. మండల కేంద్రంలో పెద్ద భవనం ఒకటి కడితే చూడ్డానికి బాగుంటుంది, తాండాలో ఉన్న తల్లికి ఉపయోగం ఉండదు.

ఖర్చు ఎంత?

ఒక ఊళ్లో 25 మంది పిల్లలు, వాళ్లలో సగం దాకా మూడేళ్లలోపు వాళ్లు అనుకుందాం. ముగ్గురు మనుషులు కావాలి. 2025-26లో ఏపీ ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. అదే రేటున 26 రోజులకు ఒక్కొక్కరికి 7,982 రూపాయలు. ముగ్గురికి నెలకు 23,946. అంటే ఒక్కో బిడ్డకు నెలకు 960 రూపాయల లోపే. తిండి ఖర్చు ఐసీడీఎస్ నుంచి ఎలాగూ వస్తుంది. అంటే తల్లి మూడు రోజుల కూలి కన్నా కాస్త ఎక్కువ ఖర్చుతో, ఆమె నెలలో మిగతా రోజులన్నీ పనికి వెళ్లగలుగుతుంది. ఏడాదికి మొత్తం 2 లక్షల 87 వేల పైచిలుకు. ఊళ్లో ఓ చిన్న సీసీ రోడ్డు బిల్లుతో పోల్చుకుంటే ఇది పెద్ద మొత్తం కాదు. కాకపోతే రోడ్డుకు ఒక్కసారి ఇస్తే చాలు, దీనికి ప్రతి నెలా ఇవ్వాలి. పథకాలు ఆగిపోయేది అక్కడే.

చూసుకునే వాళ్లను ఎవరు చూసుకుంటారు?

‘అంగన్‌వాడీ టీచర్‌కే ఇంకో పని చెబితే పోలా’ అనుకోవడం తేలిక. ఇప్పటికే వాళ్లు సర్వేలు, యాప్‌లో ఫొటోలు, బరువులు, రేషన్ లెక్కలతో బిజీ. ఏపీలో మెయిన్ కేంద్రం వర్కర్‌కు 11,500, హెల్పర్‌కు 7,000 గౌరవ వేతనం. పేరే గౌరవ వేతనం, అంటే జీతం కింద లెక్క కాదు. వర్కర్‌కు వచ్చే దాంట్లో కేంద్రం 2018లో ఖరారు చేసిన మొత్తం 4,500. దాన్నీ రాష్ట్రంతో పంచుకోవాలి, మిగతాది రాష్ట్రం కలిపేది. జీతం పెంచాలి, గ్రాట్యుటీ ఇవ్వాలి అంటూ 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజుల పాటు రాష్ట్రమంతా అంగన్‌వాడీలు సమ్మె చేశారు. మధ్యలో ప్రభుత్వం ఎస్మా కూడా ప్రయోగించింది. వాళ్లు గ్రాట్యుటీకి అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25నే తీర్పు చెప్పింది.

అందుకే క్రెచ్‌కు వేరే మనిషిని, వేరే జీతంతో పెట్టాలి. ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా ఒకరు, తొమ్మిది తర్వాత మిగతావాళ్లు వచ్చేలా షిఫ్టు వేసుకుంటే ఎవరి మీదా పది గంటల భారం పడదు. ఊళ్లోవాళ్లే అయితే మంచిది. బిడ్డకు జ్వరం వస్తే ఏం చేయాలి, గొంతులో ఏదైనా అడ్డం పడితే ఏం చేయాలి అనే ట్రైనింగ్ మాత్రం చేరే ముందే ఇవ్వాలి.

ఎవరిని అడగాలి?

మొదట గ్రామసభ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులు ఎంపిక చేశారు. తర్వాత ‘పల్లె పండుగ’లో సీసీ రోడ్లు, ఫారం పాండ్లు, పశువుల కోసం వేల సంఖ్యలో గోకులం షెడ్లు మంజూరయ్యాయి. పశువుకు నీడ కావాలని గ్రామసభలో అడిగినప్పుడు బిడ్డకూ నీడ కావాలని అడగొచ్చు. తీర్మానం రాయించి కాపీ తీసుకోవాలి.

ఆ కాపీతో ఐసీడీఎస్ ప్రాజెక్టు ఆఫీసులో సీడీపీవోకు అర్జీ ఇవ్వాలి. ఉపాధి పని దగ్గర పిల్లల్ని చూసే మహిళను పెట్టాలంటే ఫీల్డ్ అసిస్టెంట్‌ను, ఎంపీడీవో ఆఫీసును అడగాలి. అక్కడ పని కాకపోతే పుట్టపర్తి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు. అర్జీ నంబర్ ఉన్న రసీదు తప్పకుండా అడిగి తీసుకోవాలి.

అర్జీలో ‘మా ఊరికి కేంద్రం కావాలి’ అని ఒక్క లైను రాసి ఊరుకోవద్దు. ఆరేళ్లలోపు పిల్లలు ఎంతమంది, అందులో మూడేళ్లలోపు ఎంతమంది, ఇప్పుడున్న అంగన్‌వాడీ ఎంత దూరం, వాడుకోవడానికి ఏ గది ఖాళీగా ఉంది అనేవి రాయాలి. దాంతో పాటు తలుపు ఎన్ని గంటలకు తెరవాలో కూడా రాయాలి.